నాన్న చదవని వాక్యం

నా పరిశోధన వ్యాసం అచ్చయిందని నాన్నకు చెప్పడం నేను చేసిన పొరపాటు. ఆయన పేరు వెంకటరాఘవయ్య. బాపట్లలో ముప్పై మూడేళ్ళు కాలేజీలో సంస్కృతం చెప్పి రిటైరయ్యాడు. అచ్చుపడ్డ కాగితం ఏదైనా ఆయనకు గౌరవమే. అందులో కూతురి పేరు కూడా ఉంటే ఇక చెప్పేదేముంది? పన్నెండు పేజీలూ ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి, పైన ప్లాస్టిక్ అట్ట వేయించి, ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకూ చూపించాడు. పాలు పోసే ఆమెకు కూడా చూపించాడట. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, "పాప ఫొటో వెయ్యలేదేంటండి?" అని అడిగిందట. ఆ పాపకు నలభై ఒకటో ఏడు నడుస్తోంది.

నా పేరు కౌముది. తెనాలిలో నరాల డాక్టర్ని. ఆదివారం పొద్దున రేపల్లెలో కూడా చూస్తాను. నేను రాసింది మూర్ఛవ్యాధి గురించి, అందులోనూ ఒకే ఒక్క రకం గురించి. అదేమీ నేను కనిపెట్టింది కాదు, మా పాఠ్యపుస్తకాల్లో చాలాకాలంగా ఉన్నదే. పుస్తకంలో చదివి పరీక్ష రాసి మర్చిపోయాను. మళ్ళీ గుర్తు చేసింది యలమంద.

యలమంద అడవులదీవిలో వ్యవసాయం చేసుకునే మనిషి. ఎనిమిదేళ్ళ కూతురు కరుణను తీసుకుని మూడున్నరేళ్ళ క్రితం రేపల్లె క్లినిక్కి వచ్చాడు.

"శనివారం శనివారం గాలి సోకుద్దండి పిల్లకి," అన్నాడు. "మిగతా రోజుల్లో ఏమీ ఉండదండి. గుడికి తీసుకెళ్ళి తాడు కట్టిద్దామనుకున్న రోజే పడిపోద్దండి. అది పిల్లని గుడికి రానివ్వట్లేదండి."

"అది అంటే?"

"అదేనండి," అంటూ పైకప్పు కేసి చూశాడు.

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. ఆ పూట ఎందుకో దిగమింగుకుని, శనివారం పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం చేస్తారో వరసగా చెప్పమన్నాను. చెప్పాడు. లేవగానే పిల్లకు నూనె రాస్తారు. కుంకుడు రసంతో తలంటుతారు. పొగలు కక్కే నీళ్ళు చెంబు మీద చెంబు గబగబా నెత్తిన పోస్తారు. గుడికి కదా, శుభ్రంగా వెళ్ళాలి కదా. నాలుగో చెంబుకో అయిదో చెంబుకో పిల్ల కళ్ళు తేలేసి పడిపోతుంది. అంటే దెయ్యాన్ని వదిలించడానికి చేస్తున్న ఏర్పాటే ప్రతివారం ఆ పిల్లను పడేస్తోందన్నమాట.

కొందరి మెదడు నెత్తిన పడే వేడినీళ్ళకు తట్టుకోలేదు, అంతే. దెయ్యమూ లేదు, గాలీ లేదు. గోరువెచ్చని నీళ్ళు మెల్లగా పొయ్యమన్నాను. కరుణ అప్పటినుంచి ఒక్కసారి కూడా పడలేదు. ఆ తర్వాత ఫిట్స్ అని వచ్చిన ప్రతివాళ్ళనూ తలంటు గురించి అడగడం మొదలుపెట్టాను. తెనాలి, రేపల్లె, బాపట్ల చుట్టుపక్కల మూడేళ్ళు తిరిగాను. నలభై ఒక్కమంది తేలారు. కొందరికి స్నానం నీళ్ళు మారిస్తే సరిపోయింది, కొందరికి మందులు కూడా కావలసి వచ్చాయి.

వ్యాసంలో ఎన్ని పట్టికలున్నా, గుర్తుపెట్టుకోవలసినవి మూడే వాక్యాలు. ఒకటి, నలభై ఒక్కరికీ వేడినీళ్ళు నెత్తిన పడ్డప్పుడే మొదటిసారి మూర్ఛ వచ్చింది. రెండు, తలమీద చన్నీళ్ళు పోసినప్పుడు వాళ్ళలో ఒక్కరికి కూడా రాలేదు. మూడు, అయిదుగురు మాత్రం, పడిపోయే ముందు ఆ నీళ్ళు ఎంతో హాయిగా అనిపించాయనీ, ఇంకా పోసుకోవాలనిపించిందనీ చెప్పారు. ఈ మూడోది సైన్సులా లేదు, తీసెయ్యమని పత్రిక వాళ్ళు రాశారు. నేను వాళ్ళతో రెండు నెలలు పోట్లాడి ఉంచాను.

వ్యాసం వచ్చిన రెండో ఆదివారం రేపల్లెలో పని ముగించుకుని బాపట్ల వెళ్ళాను. నాన్నా, మా మేనత్త వాగ్దేవీ ఉంటారు ఆ ఇంట్లో. అమ్మ పోయి నాలుగేళ్ళయింది.

అత్తయ్య నాన్నకంటే మూడేళ్ళు పెద్ద, అరవై ఎనిమిది. పెళ్ళి చేసుకోలేదు. వీధి అరుగు మీద కూర్చుని నలభై ఏళ్ళు లెక్కల ట్యూషన్లు చెప్పింది. మా వీధిలో బ్యాంకు మేనేజర్లయినవాళ్ళు కూడా ఆమె కనబడితే ఇప్పటికీ చేతులు వెనక్కి దాచుకుంటారు, బెత్తం దెబ్బలు అలాంటివి. జుట్టు మెడదాకా కురచగా కత్తిరించుకుంటుంది. రోజూ తడిగుడ్డతో తల తుడుచుకుంటుంది తప్ప ఎన్నడూ తలస్నానం చెయ్యదు. అత్తయ్యకు తలమీద నీళ్ళు పడవు. నాకు మాటలు వచ్చిన దగ్గర్నుంచి ఆ ముక్క వింటూనే ఉన్నాను. కొందరికి వంకాయ పడదు, కొందరికి దుమ్ము పడదు, అత్తయ్యకు నీళ్ళు పడవు. అంతకుమించి నేనెప్పుడూ ఆలోచించలేదు.

తలస్నానం లేకపోతే మడి లేదు. మడి లేకపోతే మా ఇంట్లో పూజగదిలోకీ, తద్దినం రోజున వంటింట్లోకీ అడుగుపెట్టడానికి లేదు. మా నాయనమ్మ మాణిక్యాంబ తద్దినం ఏటా జరుగుతుంది. అమ్మ ఉన్నన్నాళ్ళూ అమ్మ వండేది. ఇప్పుడు కర్లపాలెం నుంచి సంజీవరావు గారనే వంటాయన వస్తాడు. కన్నకూతురు అత్తయ్య మాత్రం భోక్తలు తిని లేచేదాకా వీధి అరుగు మీద కూర్చుంటుంది. మంచినీళ్ళు కావలసినా కిటికీలోంచి అడగాలి.

ఆ పూట అత్తయ్య చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నాన్న పడక్కుర్చీలో ఉన్నాడు, ఒళ్ళో నా వ్యాసం. రోజుకో పేజీ చొప్పున అత్తయ్యకు తెలుగులో అర్థం చెబుతూ చదివాడట. ముందురోజే పూర్తయింది.

"ఏమే, నీ నలభై ఒక్కమందిలో పెళ్ళిరోజున పడిపోయినవాళ్ళు ఉన్నారుటే?" అని అడిగింది అత్తయ్య.

"లేరు. ఏంటత్తయ్యా?"

"అయితే నన్ను నలభై రెండు వేసుకో."

నేను నవ్వబోయాను. ఆమె నవ్వడం లేదు.

అత్తయ్యకు పందొమ్మిదో ఏట పెళ్ళి కుదిరిందనీ, ఆగిపోయిందనీ నాకు తెలుసు. పెళ్ళికొడుకు వాళ్ళు మంచివాళ్ళు కారని మా ఇంట్లో చెప్పేవారు. ఆ రోజు అసలు సంగతి చెప్పింది. మాఘమాసం, తెల్లవారుజామున మంగళస్నానం. పీట మీద కూర్చోబెట్టి నలుగు పెట్టి, మా నాయనమ్మ వేణ్ణీళ్ళు పోస్తుండగా అత్తయ్య పడిపోయింది. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి, నాలుక తెగి నోట్లోంచి రక్తం వచ్చింది. పెళ్ళికొడుకు పిన్ని అక్కడే నిలబడి చూసింది. గంటలో మగపెళ్ళివారు బస్సెక్కి తెనాలి వెళ్ళిపోయారు. అంతకుముందు రెండు దీపావళి తలంట్లకు కూడా కళ్ళు తిరిగాయి గానీ ఎవరూ పట్టించుకోలేదు. ఆ పెళ్ళిరోజు నుంచీ కూతురి నెత్తిన ఒక్క నీటిచుక్క పడడానికి వీల్లేదని మా నాయనమ్మ ఆజ్ఞ వేసింది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎక్కడో అడవులదీవిలో ఉన్న పిల్లను పట్టుకున్నాను. నాకు అన్నం కలిపి పెట్టిన మనిషిని పట్టుకోలేదు. ఊరూరా తిరిగి అందరినీ అడిగిన ప్రశ్న మా ఇంట్లో ఒక్కసారి కూడా అడగలేదు.

"అంతా బాగానే రాశావు గానీ," అంది అత్తయ్య, కాయలు పక్కన పెట్టి. "వేణ్ణీళ్ళతో వస్తుందన్నావు. మరి చన్నీళ్ళు పోస్తే ఏమవుతుందో చూడలేదుటే మీరు?"

"చూడకపోవడమేంటి? రాశాను కదా అత్తయ్యా. చన్నీళ్ళతో ఒక్కరికీ రాలేదు."

"రాశావా?"

"ఏడో పేజీలో ఉంది."

అత్తయ్య నాన్న వైపు తిరిగింది.

"రాఘవా, ఆ ముక్క నాకు చదవలేదేంరా?"

నాన్న పుస్తకం మూసి, ట్యాంకు నిండినట్టుంది మోటారు కట్టేసి వస్తానంటూ లేచాడు. మోటారు వేసి ఉంటే కదా కట్టడానికి. అది మాకు ముగ్గురికీ తెలుసు.

నాయనమ్మ తద్దినం పదకొండు రోజుల్లో ఉంది. అత్తయ్య ఆ సాయంత్రమే కర్లపాలెం ఫోన్ చేసి సంజీవరావు గారిని ఈ ఏడు రావద్దని చెప్పేసింది. తర్వాత మాకు చెప్పింది.

"చన్నీళ్ళతో తలస్నానం చేసి అమ్మ తద్దినానికి నేనే వండుతాను."

"ఇన్నేళ్ళుగా లేనిది ఇప్పుడెందుకు అక్కయ్యా?" అన్నాడు నాన్న. "ఈ వయసులో పడితే తుంటి విరుగుతుంది. ఏం కౌముదీ, చెప్పవేం?"

నేను డాక్టర్ని. తుంటి మాట నిజమే. ఇలాంటి మూర్ఛ ఉన్నవాళ్ళలో కొందరికి తర్వాత తర్వాత నీళ్ళతో సంబంధం లేకుండా కూడా రావచ్చు. అదే చెప్పబోయాను.

"మీ ఇద్దరూ నోరు ముయ్యండి," అంది అత్తయ్య. ట్యూషన్ గొంతు అది. "అమ్మ పోయిన రోజున ఊళ్ళోవాళ్ళు కూడా నెత్తిన నీళ్ళు పోసుకుని వెళ్ళారు. కడుపున పుట్టినదాన్ని నన్ను కాళ్ళు కడుక్కోమన్నారు. కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చాను. అప్పుడేమీ అనలేదు నేను. ఇప్పుడు అంటున్నాను."

నాన్న వైపు చూశాను. ఆయన గోడ వైపు చూస్తున్నాడు. ఆయన భయం తుంటి గురించి కాదని అప్పటికే అనుమానం వచ్చింది నాకు. చన్నీళ్ళు సరిపోతాయని ఒప్పుకుంటే, ఇన్నాళ్ళ అరుగూ, కిటికీలోంచి అడిగిన మంచినీళ్ళూ, అన్నీ ఉత్తినే అయిపోతాయి. నలభై తొమ్మిదేళ్ళు. దాన్ని భరించడం ఆయనకు కష్టంగా ఉందనుకున్నాను. అది సగమేనని తర్వాత తెలిసింది.

బుధవారం అత్తయ్యను రైల్లో తెనాలి తీసుకువచ్చి పరీక్షలు చేయించాను. తలకు తీగలు అంటించి తీసే ఇ.ఇ.జి. మామూలుగా ఉంది. గుండె బాగుంది. పెళ్ళినాటి తర్వాత ఒక్కసారి కూడా ఆమెకు మూర్ఛ రాలేదు.

"హామీ ఇవ్వగలవా?" అని అడిగింది.

"నలభై ఒక్కరికీ రాలేదు. నీకు రాదని మాత్రం హామీ ఇవ్వలేను."

"అలా చెప్పు. అబద్ధం చెబితే నీ చేత పదమూడో ఎక్కం పదిసార్లు రాయించేదాన్ని. నువ్వు పక్కన నిలబడు, చాలు."

తద్దినం రోజు పొద్దున ఏడింటికి పెరట్లో స్టూలు వేశాం. ఎత్తు తక్కువ స్టూలు, చుట్టూ పాత బొంతలు. గచ్చు మీద పడ్డా దెబ్బ తగలకుండా ఆ ఏర్పాటు నాది. కుళాయి నీళ్ళు రెండు బకెట్లు పట్టి పెట్టాను. నా జేబులో మూర్ఛ వస్తే ముక్కులో కొట్టే మందు, చేతిలో ఫోన్, అందులో స్టాప్‌వాచ్. నాన్న స్నానం చేసి తడిపంచెతో పెరటి గుమ్మం అవతల, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. మేము రమ్మనలేదు, పొమ్మనలేదు.

"పోసుకోనా?" అంది అత్తయ్య.

"మెల్లగా. ఒక్కో చెంబుకీ ఆగు."

మొదటి చెంబు పోసుకుంది. ఒళ్ళంతా జలదరించింది. అది చలికి వచ్చిన వణుకని తెలియడానికి రెండు క్షణాలు పట్టింది. రెండో చెంబు. మూడు. ఆమె కళ్ళనే చూస్తున్నాను నేను. నాలుగు. అయిదు. చేతి వేళ్ళు చూశాను, పెదవుల చివర్లు చూశాను. అత్తయ్య పెద్దగా లెక్కపెడుతోంది, పిల్లల చేత చెప్పించినట్టు. పన్నెండు దాకా పోసుకుని చెంబు కింద పెట్టింది.

అయిదు నిమిషాలు కూర్చోమన్నాను. కూర్చుంది. నీళ్ళు కనుబొమల మీంచి కారుతున్నాయి. రెండు చేతులతో తడిసిన తల తడుముకుని చూసుకుంది. గుమ్మం అవతల నాన్న వీపు కదలలేదు.

"ఏమీ లేదు అత్తయ్యా," అన్నాను. "ఏమీ రాలేదు."

ఆమె నా మొహంలోకి చూసింది.

"ఇంతేనుటే?"

నేను ఫోన్లో స్టాప్‌వాచ్ ఆపాను.

"ఇంతేనుటే కౌముదీ? దీనికేనా?"

మూడు వాక్యాల్లో ఏదీ దానికి జవాబు కాదు. ఆమె ఏడవలేదు. నేనే ఏడ్చాను, జేబులో మందు పెట్టుకుని, పెరట్లో నిలబడి, చిన్నపిల్లలాగా. అత్తయ్య లేచి, ముందురోజు దండెం మీద ఆరేసుకున్న మడిచీర కర్రతో తీసుకుని, "తర్వాత ఏడుద్దువు గానీ, నన్ను ముట్టుకోకు, పక్కకి తప్పుకో. గారెలకి పప్పు రుబ్బాలి," అని లోపలికి వెళ్ళిపోయింది.

అరటికాయ కూర, కంద, పెసరపప్పు, నువ్వుల పచ్చడి, గారెలు, పరమాన్నం. నలభై తొమ్మిదేళ్ళు కిటికీలోంచి చూసి నేర్చుకున్న వంట. ఒక్క మాట ఎవరినీ అడగలేదు. భోక్తలిద్దరూ తృప్తిగా తిని, దక్షిణ తీసుకుని వెళ్ళేసరికి రెండు దాటింది. అప్పుడు నాన్న విస్తరి ముందు కూర్చున్నాడు. పక్కన నేను. అత్తయ్య వడ్డించింది. తల్లి తద్దినం నాడు ఆయనకు అక్క వడ్డించడం అదే మొదలు.

నాన్న ఔపోసన పట్టలేదు. నీళ్ళు అరచేతిలో అలాగే ఉన్నాయి.

"అక్కయ్యా," అన్నాడు. "ఆ రోజు నీళ్ళు కాచింది నేనే."

అత్తయ్య గరిటె పట్టుకుని నిలబడింది.

"అమ్మ గోరువెచ్చగా చాలంది. చలిగా ఉంది కదా, పెళ్ళికూతురివి కదా అని నేనే ఇంకో నాలుగు కట్టెలు ఎగదోశాను. నాకు పదహారేళ్ళు. వేడికీ దానికీ సంబంధం ఉందని ఇన్నాళ్ళూ తెలియదు నాకు. కౌముది రాసింది చదివాకే తెలిసింది. చన్నీళ్ళతో రాదని నీకు చదివి వినిపిస్తే తప్పు నీళ్ళది కాదు, వేడిదేనని తేలిపోతుంది, మరి ఆ నీళ్ళు అంత వేడిగా ఎవరు కాచారని అడుగుతావనుకున్నాను. ఆ వాక్యం దగ్గర నాకు నోరు రాలేదు."

అరచేతిలో నీళ్ళు విస్తట్లోకి కారిపోయాయి. నాన్న ఏడవగా చూడడం నాకు అది రెండోసారి. మొదటిసారి అమ్మ పోయినప్పుడు.

"అడగడమెందుకురా, నాకు తెలియందేముంది?" అంది అత్తయ్య. "కాగు దింపబోయి రెండు చేతులూ కాల్చుకున్నావు. మర్నాడు కూర్చోబెట్టి బొబ్బలకి వెన్న రాసింది ఎవరనుకున్నావు?"

నాన్న తలెత్తి చూశాడు.

"చాలా బాగున్నాయిరా ఆ నీళ్ళు," అంది. "ఆ చలిలో ప్రాణం లేచొచ్చినట్టయింది. చాలు చాలు అంటోంది అమ్మ. ఇంకా పొయ్యమని నేనే అడిగాను. అంత సుఖమైన స్నానం మళ్ళీ నేను చెయ్యలేదు."

అయిదుగురు కాదు, ఆరుగురు. నాకు వెంటనే తోచింది అదే, సిగ్గు లేకుండా.

"ఔపోసన పట్టు," అంది అత్తయ్య. "గారెలు చల్లారిపోతున్నాయి."

నాన్న మళ్ళీ అరచేతిలో నీళ్ళు పోసుకున్నాడు. తినడం మొదలుపెట్టాడు. అత్తయ్య ఆయన విస్తట్లో ఇంకో రెండు గారెలు వేసి, నెయ్యి అయిపోయిందని గిన్నె చూసింది. నేను తెస్తానని లేచి వంటింటి వైపు నడిచాను.

"ఆగక్కడ," అంది అత్తయ్య. "గడప దాటకు. నువ్వు మడిలో లేవు."

నేను గడప ఇవతలే ఆగిపోయాను. నెయ్యి తీసుకురావడానికి ఆమె లోపలికి వెళ్ళింది.